చెరువుకు కంచె జాలదు, నీరటోడు గావాలె

గణేశ్ నిమజ్జనం రోజుల్ల కూకట్‌పల్లి ఐడీఎల్ చెరువు కాడికి ఒకసారి పోయి చూడున్రి. మూసాపేట, బాలానగర్, కూకట్‌పల్లి గల్లీలకెళ్లి బండ్లు వరుస గడ్తయి. కట్ట మీద క్రేన్లు నిలబడ్తయి. రాత్రి గూడ పట్టపగలు లెక్క లైట్లు. పోలీసోళ్లు, మున్సిపల్ సిబ్బంది, అంబులెన్సు, మైకులల్ల అనౌన్స్‌మెంట్లు. ఒడ్డుకు గజ ఈతగాళ్లు తయారుగ ఉంటరు. పిల్లగాడు జర ముందుకు జరిగితే చాలు, "ఏయ్, ఎన్కకు రా" అని గదమాయించేటోడు ఉంటడు.

నిమజ్జనం అయిపోయిన వారానికి మల్ల పోయి చూడున్రి. క్రేను లేదు, లైటు లేదు, ఈతగాడు లేడు. చెరువు గదే. లోతు గదే. ఒడ్డు మీది బురద గదే. పిల్లలు గూడ గా పిల్లలే. మారింది ఒక్కటే, చూసేటోడు లేడు.

నా ప్రశ్న సీదాది. పండుగ నాడు నీళ్ల కాడ మనిషి పాణం కాపాడుడు ఎట్లనో సర్కారుకు ఎరుకనే. మనుషులున్నరు, సామాను ఉన్నది, అనుభవం ఉన్నది. మరి మిగిలిన దినాలల్ల ఎందుకు జెయ్యరు? పండుగ నాటి పాణానికి ఉన్న విలువ మామూలు సోమవారం నాడు ఉండదా?

మూసాపేట నుంచి మూసీ దాంక

"మూసాపేటల నది యాడిదన్నా" అని నవ్వేటోళ్లు ఉంటరు. నది మన గడప ముంగటికెళ్లే పోతున్నది, మనమే దాన్ని మోరీ అని పిలుస్తున్నం. కూకట్‌పల్లి నాలా ఈ ఇలాక నీళ్లన్నీ మోసుకొని మూసాపేట, ఫతేనగర్, బేగంపేట దిక్కుకెళ్లి పోయి హుస్సేన్ సాగర్‌ల పడ్తది. సాగర్‌ల పడే పెద్ద నాలాలు నాలుగు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. అండ్ల పెద్దది మనదే. సాగర్ నిండితే అలుగు నీళ్లు అశోక్‌నగర్, అంబర్‌పేట దిక్కు పోయి మూసీల కలుస్తయి. అనంతగిరి గుట్టలల్ల పుట్టిన మూసీ వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. అంటే మన గల్లీల కొట్టుకపోయిన చెప్పు కృష్ణ దాంక పోవచ్చు. మనిషి గూడ గట్లనే కొట్టుకపోవచ్చు.

ఇది ఉత్త మాట గాదు. 2020 సెప్టెంబర్‌ల నేరేడ్‌మెట్ దిక్కు సైకిల్ మీద బయటికి పోయిన 12 ఏండ్ల పిల్ల నాలాల కొట్టుకపోయింది. పాణం లేకుంట బండ చెరువుల దొరికింది. 2023 ఏప్రిల్ నెలాఖరుకు సికింద్రాబాద్ కళాసిగూడల పాలప్యాకెట్ కోసం పోయిన చిన్నపిల్ల మూత లేని మ్యాన్‌హోల్‌ల పడి చచ్చిపోయింది. ఇద్దరు గూడ ఈతకు పోలేదు, చెరువు కాడ ఆటకు పోలేదు. వాన వడ్డప్పుడు రోడ్డు మీద పోవుడే వాళ్లు జేసిన పని.

అందుకే "నీళ్ల కాడ భద్రత" అంటే టూరిస్టులు తిరిగే బోట్ల సంగతి ఒక్కటే గాదు. నాలా, కుంట, చెరువు, నది అన్నీ ఒక్కటే తాడుకు ముడేసి ఉన్నయి. కాపలా గూడ గట్లనే ఉండాలె.

ఎనుకట నీరటోడు ఉండె

మన తెలంగాణ ఊర్లల్ల పటేల్, పట్వారీ ఎట్లనో, నీరటి గూడ గట్లనే ఒక కొలువు. నీరటోడు, నీరడి అని గూడ అంటరు. చెరువు తూము ఎప్పుడు తియ్యాలె, ఏ మడికి ఎంత నీళ్లు ఇడవాలె, కట్టకు బుంగ పడ్డదా, అలుగు పారుతున్నదా అన్నీ ఆయనే చూసుకునేది. వాన కొట్టిన రాత్రి ఊరంత పండుకుంటే ఆయన కట్ట మీద ఉండేది. యాడ లోతు ఉన్నది, యాడ ఊబి ఉన్నది, పశువులు యాడ దిగాలె, ఆడోళ్లు బట్టలు యాడ ఉతకాలె అన్నీ ఆయనకు ఎరుకనే.

ఆ ముచ్చట చెప్పి ఎనుకటి రోజులు బంగారమని నేను అంటలేను. ఆ కొలువు జేసినోళ్లు ఎక్కువ దళిత కుటుంబాలోళ్లే. చాకిరి మస్తు, ఫలితం కొంచెం. ఆ వెట్టి మల్ల రావద్దు. గని ఆ కొలువుల ఒక తెలివి ఉండె. నీళ్లు ఉన్నకాడ పేరు పెట్టి పిలిచే మనిషి ఒకడు ఉండాలె అన్న తెలివి. 2023ల వీఆర్ఏల వ్యవస్థను రద్దు జేసి వాళ్లను సర్కారు శాఖలల్ల కలిపినప్పుడు గూడ నీరటి, లష్కర్ అనే పేర్లు మల్ల ఇనవడ్డయి. పేరు ఇంకా బతికే ఉన్నది. పట్నంల పనే మాయమైంది.

జీహెచ్ఎంసీ లెక్కల 185 చెరువులు ఉన్నయని ఏండ్ల సంది ఇంటున్నం. వాటి మీద ఇరిగేషన్, రెవెన్యూ, జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ, వాటర్ బోర్డు, కాలుష్య నియంత్రణ మండలి, ఇప్పుడు హైడ్రా, ఇందరికీ తలా ఇంత అధికారం ఉన్నది. ఒకరు హద్దు కొలుస్తరు, ఒకరు గుర్రపుడెక్క తీస్తరు, ఒకరు నీళ్లు పరీక్ష జేస్తరు. ఇన్ని శాఖల మధ్యల "పొద్దుగూకినంక ఈ కట్ట మీద ఎవరున్నరు" అని అడిగితే చెప్పేటోడు లేడు.

ఒక్క చెరువుకే కాపలా

పట్నంల ఒక్క చెరువుకు మాత్రం నీరటోడు ఉన్నడు. హుస్సేన్ సాగర్ కాడ లేక్ పోలీస్ అని ఒక ఠాణానే ఉన్నది. ట్యాంక్ బండ్, నెక్లెస్ రోడ్ మీద వాళ్లు తిరుగుతనే ఉంటరు. మనసు ఇరిగి వచ్చినోళ్లను గుర్తువట్టి, కూసవెట్టి మాట్లాడి, ఇంటోళ్లను పిలిచి అప్పజెప్తరు. ఏండ్ల సంది గట్ల వందల మంది ఇండ్లకు మర్రిన్రు. దానికి పెద్ద సైన్సు ఏం లేదు. మనిషి అక్కడ ఉన్నడు, చూస్తున్నడు, వెంటనే ఉరుకుతడు. గంతే.

కాపలా ఉన్న చెరువుల గూడ నియమం తప్పితే ఏమైతదో చూసినం. 1990 మార్చిల బుద్ధుని విగ్రహం తీస్కపోతున్న బల్లకట్టు ఒరిగి మనుషులు చచ్చిపోయిన్రు, విగ్రహం 1992 ఆఖరు దాంక నీళ్ల అడుగునే ఉండె. 2025 జనవరి 26 రాత్రి అదే సాగర్‌ల పటాకులు పేల్చే పడవలకు మంటలు అంటుకున్నయి, పాణాలు పోయినయి. అంటే ఠాణా ఒక్కటి ఉంటే చాలదు. ఏ పడవ దిగుతున్నది, అండ్ల ఏమున్నది, ఎందరున్నరు అని చూసి "వద్దు" అనే అధికారం గూడ ఒడ్డు మీది మనిషికి ఉండాలె.

కంచె ఎందుకు జాలదు

ఏదన్న ఘోరం జరిగితే మనకు వచ్చే మొదటి ఆలోచన కంచె. జాలీ కట్టు, గేటుకు తాళం ఎయ్యి, "ప్రమాదం" అని బోర్డు పెట్టు. కాంట్రాక్టు అయిపోయింది, బిల్లు పాసైంది. కంచె వద్దని అంటలేను. ఇండ్ల పక్కపొంటి పారే నాలాకు గోడ, మ్యాన్‌హోల్‌కు మూత, దాని కింద జాలీ కచ్చితంగ ఉండాలె. గని చెరువుకు కంచె ఒక్కటే భద్రత అనుకుంటె మోసపోతం.

మునుగుడు ఎట్లుంటదో ముందుగాల తెలుసుకోవాలె. సినిమాలల్ల చూపిచ్చినట్టు మునిగే మనిషి చేతులూపి కేకలు వెయ్యడు. ఊపిరికే తండ్లాట ఉన్నప్పుడు గొంతు యాడ లేస్తది? చిన్న పిల్లలైతే సప్పుడు లేకుంటనే పోతరు. గాలి అందకపోతే నాలుగైదు నిమిషాలల్ల మెదడు దెబ్బ తినుడు షురూ అయితది. ఇప్పుడు మీరే లెక్క వెయ్యున్రి. ఎవరో చూడాలె, ఫోన్ జెయ్యాలె, టీం బండి ఎక్కాలె, సాయంత్రం ఆరింటికి మూసాపేట చౌరస్తా ట్రాఫిక్ దాటి రావాలె. డీఆర్ఎఫ్ టీముల తప్పు గాదిది. వాన వడ్డ రాత్రుల్ల వాళ్లు నడుము లోతు నీళ్లల్ల జేసే పని మనం చూస్తనే ఉన్నం. దూరానికెళ్లి వచ్చేటోళ్లు ఎంత ఉరికినా గా నాలుగు నిమిషాలను పట్టుకోలేరు. అందుకే మన వార్తలల్ల ఎప్పుడూ ఒకటే వాక్యం ఉంటది: "గజ ఈతగాళ్లతో గాలింపు". గాలించేది శవం కోసం. మనకు గావాల్సింది పాణం కోసం ఉరికేటోడు, వాడు ఒడ్డు మీదనే ఉండాలె.

దేశంల 2022ల నీళ్లల్ల మునిగి 38 వేల మందికి పైగా చనిపోయిన్రని ఎన్‌సీఆర్‌బీ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల 2021ల దునియా మొత్తం మీద 3 లక్షల మంది. అండ్ల పదింట తొమ్మిది మంది మనసొంటి బీద, మధ్య తరగతి దేశాలోళ్లే. గా సంస్థ చెప్పే ఉపాయాలు గూడ పెద్ద ఖర్చువి కావు: నీళ్లకు అడ్డం, చిన్నపిల్లలను చూసుకునే జాగ, బడి పిల్లలకు ఈత, చుట్టుపక్కలోళ్లకు కాపాడే శిక్షణ, పడవలకు నియమాలు, వరద ముందుజాగ్రత్త. ఆరింట్ల అడ్డం ఒక్కటే. మనం గా ఒక్కటి పట్టుకొని మిగిలిన ఐదు మర్చినం.

వేరే కాడ ఏం నేర్చుకున్నరు

లండన్‌ల థేమ్స్ నది మీద పోలీసు పహారా 1798లనే మొదలైంది. గంత పాత పహారా ఉన్నా, 1989 ఆగస్టు 20 రాత్రి మార్షనెస్ అనే విందు పడవను ఇసుక తీసే ఓడ గుద్దితే 51 మంది చనిపోయిన్రు. బాధిత కుటుంబాలు ఏండ్లకేండ్లు కొట్లాడినయి, విచారణ జరిపిచ్చుకున్నయి. దాని ఎన్క 2002ల నది పొంటి నాలుగు జాగలల్ల పాణాలు కాపాడే పడవల స్టేషన్లు పెట్టిన్రు. నగరం నడిమిట్ల ఉన్న టవర్ స్టేషన్‌ల సిబ్బంది రాత్రింబగళ్లు అక్కడనే ఉంటరు, పిలుపు వచ్చిన నిమిషంన్నరల పడవ కదలాలెనని వాళ్ల లక్ష్యం. పోలీసుది నేరం చూసే పని, వీళ్లది పాణం చూసే పని. రెండు పనులు వేరే వేరే అని వాళ్లకు 51 పాణాలు పోయినంక అర్థమైంది.

మన గోదావరిది గూడ గదే పాఠం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ రాయల్ వశిష్ట బోటు మునిగింది. 77 మంది ఉన్న బోటుల బతికి బయటపడ్డది 26 మంది. వాళ్లను గుంజి ఒడ్డుకేసింది ఎవరు? ముందుగాల చేరింది అక్కడి ఊరోళ్లు, ఆదివాసులు. నెల దాటినంక మునిగిన బోటును బయటికి తీసింది గూడ కాకినాడ ధర్మాడి సత్యం టీమే, లంగర్లు, తాళ్లతోని. దానికి రెండేండ్ల ముందు, 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ కాడ కృష్ణల పర్మిషన్ లేని బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయిన్రు. నీళ్ల సంగతి నీళ్ల పక్కన బతికేటోళ్లకు ఎరుక. వాళ్లను మనం పిలిచేది మాత్రం పాణం పోయినంకనే.

రానిస్తెనే చెరువు బతుకుతది

భద్రత అంటే జనాన్ని నీళ్లకు దూరం పెట్టుడు అని ఆఫీసర్లు అనుకుంటరు. నేను ఉల్టా చెప్తున్న. జనం తిరిగే చెరువే భద్రమైన చెరువు. కట్ట మీద ముసలోళ్లు నడుస్తుంటే, పిల్లలు ఆడుతుంటే, మక్కబుట్టలు కాల్చే అవ్వ కూసుంటే అక్కడ పది జతల కండ్లు ఉన్నట్టు. మబ్బుల మట్టి టిప్పర్ వచ్చి పోస్తే ఆ కండ్లు చూస్తయి, నిలదీస్తయి. గేటుకు తాళమేసి మనుషులు మర్చిన చెరువు కాడ అడిగేటోడు ఉండడు. ముందుగాల చెత్త వస్తది, ఎన్క మట్టి వస్తది, ఆ మీద ప్లాట్ల రాళ్లు వస్తయి. మన ఇలాకల కుంటలు ఎట్ల సన్నబడ్డయో పెద్దమనుషులను అడగున్రి, చెప్తరు.

బతుకమ్మ సంగతే చూడున్రి. తొమ్మిది దినాలు ఆడి, సద్దుల నాడు బతుకమ్మను నీళ్లల్ల ఇడువాలె. దానికి మెట్లు గావాలె, లైటు గావాలె, జారకుంట పట్టుకునే గొలుసు గావాలె. గేటు మూసి "ప్లాస్టిక్ తొట్టెల ఇడువున్రి" అంటే అది పండుగ ఎట్లయితది? కూలి పనికి పోయొచ్చే మనిషికి సాయంత్రం గాలి పీల్చుకునే జాగ గూడ హక్కే. హైటెక్ సిటీ దిక్కు దుర్గం చెరువు కాడ తీగల వంతెన, నడక బాట, రంగుల లైట్లు ఉన్నయి. సంతోషమే. కైతలాపూర్ వంతెన ఎక్కితే అక్కడికి ఎంత దూరం? గని వంతెనకు ఇవతల ఉన్న బస్తీ పిల్లకు గూడ గసొంటి బాట దాని ఇంటి పక్క చెరువు కాడ ఉండాలె.

కానూన్ గూడ మన దిక్కే ఉన్నది. 2012ల వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు చుట్టూ 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, కార్పొరేషన్ హద్దుల్ల నదికి 50 మీటర్లు ఇడిచిపెట్టాలె. దాన్నే బఫర్ అంటున్నరు. బఫర్ పేరు జెప్పి ఇండ్లు కూలగొట్టుడు చూసినం. కూలగొట్టినంక ఆ జాగ ఎవరిది? ఉత్తగ కంచె ఏసి పెడ్తే మల్ల కబ్జానే. అక్కడ నడిచే బాట, నీళ్ల కాడికి మెట్లు, కాపలా గుడిసె పెడితే అది జనం జాగ అయితది.

ఇప్పుడే ఎందుకు అడగాలె

ఎందుకంటే ఇప్పుడే గీతలు గీస్తున్నరు. 2024 జూలైల పుట్టిన హైడ్రా కొన్ని చెరువులను బాగు జేసే పని ఎత్తుకున్నది. అంబర్‌పేట బతుకమ్మ కుంటను 2025 సెప్టెంబర్‌ల తెరిచిన్రు. అదే వరుసల మన కూకట్‌పల్లి నల్ల చెరువు, మాదాపూర్ సున్నం చెరువు, తమ్మిడికుంట ఉన్నయి. కాపలా గుడిసె, మెట్లు, తాడు కట్టే స్తంభం సంగతి నక్ష మీద ఉన్నప్పుడే అడగాలె. సిమెంటు ఆరినంక అడిగితే "నెక్స్ట్ ఫేజ్‌ల చూద్దాం" అంటరు.

మూసీది ఇంకా పెద్ద ముచ్చట. 55 కిలోమీటర్ల నది ఒడ్డును మారుస్తమంటున్నరు. 2024ల చాదర్‌ఘాట్ దిక్కు ఇండ్ల గోడల మీద ఆర్‌బీ-ఎక్స్ అని ఎర్ర గుర్తులు ఏసినప్పుడు అక్కడి తల్లులు ఎట్ల ఏడ్చిన్రో చూసినం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగితే వేల మంది కొట్టుకపోయిన్రు. ఆ దెబ్బకే విశ్వేశ్వరయ్య సలహాతోని ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టుకున్నం. ఆ రెండు గేట్లు ఎత్తితే 2025 సెప్టెంబర్ ఆఖరుకు ఎంజీబీఎస్‌లకే నీళ్లొచ్చినయి, ప్రయాణికులను రాత్రిపూట తాళ్లు పట్టుకొని బయటికి తెచ్చిన్రు. నదికి ఒడ్డు మీద నీరటోడు లేకుంట రివర్ ఫ్రంట్ కడితే, అది బొమ్మల మంచిగ ఉంటది, వరదల మునుగుతది. ఆ ఒడ్డు మీదికెళ్లి లేపిన బీదోళ్లకు ఆ ఒడ్డు మీద కొలువు లేకపోతే, టికెట్ కొంటెనే రానిస్తమంటే, అది ఎవరి నది?

ఏం అడగాలె

ఒకటి, ప్రతి చెరువుకు పేరున్న మనిషి. గంగపుత్రులు, ముదిరాజులు, ఒడ్డు మీది బస్తీల ఈత వచ్చిన పిల్లలు, ఆడపిల్లలు గూడ. ట్రైనింగు ఇచ్చి, నెల జీతం, పీఎఫ్, బీమాతోని కొలువు ఇయ్యాలె. అవుట్‌సోర్సింగ్ పేరు మీద మూడు నెలలకోసారి జీతం ఇచ్చే కొలువు గాదు. ఆయన పేరు, ఫోన్ నంబరు కట్ట మీద బోర్డుకు రాయాలె.

రెండు, కట్ట పొంటి జాగ జాగకు తాడు, గాలి టైరు, పొడుగు గడ. లోతు గుర్తులు. పొద్దుగూకినంక లైట్లు. జారినోడు పట్టుకొని ఎక్కేటందుకు మెట్లు. నిట్టనిలువు సిమెంటు గోడలు కట్టకున్రి, పడ్డోడు ఎక్కలేడు.

మూడు, పెద్ద చెరువులకు ఒక పడవ, లేక్ పోలీస్ లెక్క తిరిగే బృందం. వాన కాలంల నాలాల పొంటి రాత్రి గస్తీ, నీళ్లు ఒక గుర్తు దాటితే బస్తీల మైకుల చెప్పుడు.

నాలుగు, సర్కారు బడి పిల్లలకు శుభ్రమైన నీళ్లల్ల ఈత. మురికి కలిసిన చెరువుల గాదు.

ఐదు, ఎవరు బాధ్యులో ఒక్క కాయితం మీద రాసి ఇయ్యున్రి. ఏడు శాఖలుంటే ఏ శాఖా లేనట్టే.

పైసలు యాడియని అడుగుతరు. కట్టకు రంగుల లైట్లు, ఫౌంటెన్లు, సెల్ఫీ పాయింట్లు పెట్టేటప్పుడు ఈ ప్రశ్న రాదు. నీరటోనికి జీతం అనంగనే వస్తది.

సర్కారు ఇనేదాంక మనం జెయ్యాల్సింది గూడ ఒకటి ఉన్నది. ఎవరన్న మునుగుతుంటే ఈత రానోళ్లు దుంకకున్రి. ఒకరి కోసం ఒకరు దుంకి ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయిన సంగతులు మనకు కొత్త గాదు. చీర, తాడు, కట్టె ఏది దొరికితే అది అందియ్యున్రి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ ఇసిరినా మనిషి తేలుతడు. పక్కోడు 112కు ఫోన్ కొట్టాలె. బయటికి తీసినంక కడుపు ఒత్తుకుంట కూసోవద్దు. ఊపిరి లేకపోతే నోట్ల గాలి ఊదుడు, ఛాతి ఒత్తుడు, అంబులెన్సు వచ్చేదాంక ఆపద్దు.

వచ్చే వినాయక చవితికి మీ బస్తీల మండపం పెడ్తరు కదా. నిమజ్జనం మీటింగుకు అధికారులు పిలుస్తరు. క్రేన్లు ఎన్ని, రూటు ఏది అని మాట్లాడినంక, ఒకరన్న లేచి అడగున్రి: "సార్, ఈ ఈతగాళ్లు మర్నాడు గూడ ఈడనే ఉంటరా?"